కదిలిన ముఖం

చిన్నదాని సంచీలో సూదీ దారం పెట్టాను. తలనొప్పి మాత్రలు పెట్టాను. చెప్పు తెగితే కట్టుకోవడానికి ఓ తాడు ముక్క పెట్టాను. అగ్గిపెట్టె పెట్టి, బస్సులో అంటుకుంటుందేమోనని తీసేసి, పొద్దుపోయాక ఏ మధ్యదారిలోనో దిగాల్సి వస్తే ఎలాగని మళ్ళీ పెట్టాను.

"అక్కా, నేను వెళ్తున్నది అత్తయ్య ఇంటికా, అడవికా?" అంది మా చెల్లెలు. గుమ్మానికి ఆనుకుని జడ అల్లుకుంటోంది.

"నవ్వు, నవ్వు. దారిలో బస్సాగిపోతే తెలుస్తుంది."

"ఆగిపోతే అగ్గిపెట్టెతో నడిపిస్తానా?"

"కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు. పక్కసీటువాళ్ళు ఏమిచ్చినా తినకు. అత్తయ్య ఏమన్నా అంటే ఎదురు చెప్పకు."

"ఏమంటుంది, ఎప్పుడూ అనేదేగా. తల్లిని మింగిన పిల్ల అని." కూరలో ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా చెప్పింది. "ఈసారి అంటే, అవునత్తయ్యా, ఇంకా ఆకలి తీరలేదు, నువ్వు కాస్త దగ్గరికి రా అంటాను."

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. నాకు ఆ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి.

సంచీ సర్దడం నాకు పడదు. నా పదో ఏట మా అమ్మ ఓ సంచీ సర్దుకుని ఆసుపత్రికి వెళ్ళింది. నెలల పిల్లని నా ఒళ్ళో పెట్టి, పాలు చల్లార్చి పట్టు, సాయంత్రానికల్లా వచ్చేస్తానంది. ఆ నెలల పిల్లే ఈ చెల్లెలు. అప్పటినుంచీ ఇంట్లో ఎవరు అటక మీంచి సంచీ దించినా ఎక్కడికి, ఎప్పుడొస్తారని రెండేసిసార్లు అడుగుతాను. ఆ వేసవికి అత్తయ్య, అంటే మా నాన్న అక్కగారు, దానికి కుట్టుపని నేర్పుతాను పంపించమంది. పందొమ్మిదేళ్ళ పిల్లని ఇంకా ఎన్నాళ్ళు చంకనేసుకు తిరుగుతావని నన్ను దెప్పింది కూడా. సరేనన్నాను. అనక ఏం చేస్తాను.

బస్సుకి ఇంకా వేళ ఉందనగా ముందుగదిలో నాన్నతో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది.

మా నాన్న ఫొటోలు చూసి బొమ్మలు వేసేవాడు. ఎవరింట్లోనో పెట్టె అడుగున పడి చివికిపోయిన అరచేతంత ఫొటో తెస్తే, దాన్ని గోడకి తగ్గట్టు పెద్దది చేసి, రంగుల్లో వేసి ఇచ్చేవాడు. ఆయన పద్ధతి చూస్తే కొత్తవాళ్ళకి నవ్వొచ్చేది. ఫొటో మీద సన్నగా గళ్ళు గీసేవాడు. దాన్ని తలకిందులుగా నిలబెట్టేవాడు. ఒక్క గడి మాత్రమే కనబడేలా కన్నం చేసిన నల్ల అట్టముక్కని దాని మీద పెట్టి, ఆ గడిలో ఎంత నలుపుందో ఎంత తెలుపుందో అంతా కాన్వాసు మీద అలాగే తలకిందులుగా వేసి, అట్టని పక్క గడి మీదికి జరిపేవాడు. "మొహం వేస్తున్నానని తెలిసిందా, చెయ్యి తనకి తెలిసిన మొహమే వేసేస్తుంది. గడి వెయ్యాలి. మొహం దాని పాటికది వస్తుంది," అనేవాడు. నేను వెనకాల తెరలూ, కుర్చీ కోళ్ళూ వేసేదాన్ని. అమ్మ పోయాక బడి మానేసిన నేను, రంగు నేలకి అంటకుండా కింద పరిచే పాత పేపర్ల మీదే వంగి వంగి చదవడం నేర్చుకున్నాను.

ఊళ్ళో సగం ఇళ్ళ గోడల మీద నాన్న వేసిన మనుషులున్నారు. మా గోడల మీద ఒక్కరూ లేరు. అమ్మకి ఫొటో లేదు. ఉన్నా వేసేవాడు కాదు.

వచ్చినావిడ చేతిలో పెద్ద నల్ల గొడుగుంది. ఎండలో పడి వచ్చిందేమో, గదిలోకి వచ్చాక కూడా దాన్ని మూయడం మర్చిపోయి, దాని కింద నిలబడే మాట్లాడుతోంది. అందుకే మాకావిడ గొడుగావిడ అయింది.

ఆవిడ తెచ్చిన ఫొటోలో కుర్చీలో ఒకాయన, ఆయనకి అటు పక్క వాళ్ళమ్మ, ఇటు పక్క పాతికేళ్ళ వయసు గొడుగావిడ. ఆవిడ చేతుల్లో పిల్ల. పిల్లకి ఒళ్ళంతా ఉంది, ముఖం లేదు. ఫొటో తీసే క్షణానికి కదిలింది. ముఖం ఉండాల్సిన చోట పొగలాంటి తెల్లని మరక మిగిలింది.

"పిట్ట వస్తుంది ఇటు చూడు అన్నాడండీ ఫొటో తీసినతను," అంది. "పిచ్చితల్లి, నిజంగానే వెతికింది. మా ఆయన మళ్ళీ తీయిద్దాంలే అన్నారు. ఆ నెలలోనే జ్వరం తగిలింది. ఇంక తీయించేదేముంది."

"మిగతావాళ్ళు?"

"వాళ్ళూ లేరు. నేనొక్కదాన్నే మిగిలాను ఈ ఫొటోలో."

నాన్న ఫొటోని కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. "పిల్ల మొహం మీ వైపు తిప్పుకున్నట్టు వేసేస్తానమ్మా. జుట్టు కనబడుతుంది, చాలు. ఎవరూ ఏమీ అనుకోరు."

"వద్దండీ. అసలు చేతుల్లో వద్దు. నా పక్కన నిలబెట్టండి. ఉంటే దానికిప్పుడు పందొమ్మిదేళ్ళు."

"మరి మీరు?"

"నేను ఫొటోలో ఉన్నట్టే."

"అలా వేస్తే తల్లీ కూతుళ్ళు అక్కచెల్లెళ్ళలా ఉంటారమ్మా. చూసినవాళ్ళు నవ్వుతారు."

"చూడ్డానికి మా ఇంటికొచ్చేదెవరు లెండి," అంది గొడుగావిడ. "నేను ముసలిదాన్నయింది అది పోయిన దగ్గర్నుంచేగా. అదే ఉంటే నేనూ ఇలాగే ఉండేదాన్ని."

నాన్న ఫొటో కింద పెట్టాడు. "లేని మొహం నేనెక్కణ్ణుంచి తేను తల్లీ," అన్నాడు.

అప్పుడే చిన్నది సంచీ భుజానికి తగిలించుకుని, "వెళ్ళొస్తాను నాన్నా," అంటూ ముందుగదిలోకి వెళ్ళింది. గొడుగావిడ దాన్ని చూసింది. ఎవరని అడిగింది. మా చిన్నదన్నాడు నాన్న. ఏ నెలలో పుట్టిందని అడిగింది. చెప్పాడు. ఆవిడ గొడుగు మూసి, గోడకి ఆనించి, కుర్చీలో కూర్చుంది.

"ఈ అమ్మాయిని చూసి వెయ్యండి," అంది.

"నాకు బస్సు టైమయిందండీ," అంది చిన్నది.

"ఎండలు మండిపోతున్నాయి," అన్నాను నేను, నాన్న నోరు తెరవకముందే. "అత్తయ్య ఇంటికి వానలు తగ్గాక వెళ్ళొచ్చులే. అత్తయ్య ఎక్కడికీ పారిపోదు."

అగ్గిపెట్టెని సంచీలోంచి తీసి వంటగదిలో దాని చోట దాన్ని పెడుతుంటే ప్రాణం ఎంత హాయిగా ఉందో.

గొడుగావిడ మా వీధిలోనే ఓ మేడ మీది గది అద్దెకి తీసుకుంది. రోజూ పొద్దున్నే వచ్చేసేది. నాన్న ముందు ఫొటోలో ఉన్న ముగ్గురినీ తన పద్ధతిలో గళ్ళ లెక్కన పూర్తి చేశాడు. నేను తెర వేశాను, కుర్చీ వేశాను. మధ్యలో గొడుగావిడ పక్కన మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉండిపోయింది.

ఆ జాగా దగ్గరే నాన్నకి పని ఆగిపోయింది. బతికున్న మనిషికి గళ్ళు గీయలేడు, తలకిందులుగా నిలబెట్టలేడు. ఓ రోజు పళ్ళెమంత అట్టముక్కకి కన్నం చేసి తెచ్చి, చిన్నదాని ముఖం ముందు పట్టుకోమని నా చేతికిచ్చాడు.

"ఇవాళ నా ముక్కొక్కటే వేస్తావా నాన్నా?" అంది అది కన్నంలోంచి.

"కదలకు."

"ముక్కు కదల్లేదే. నవ్వింది నోరు. అది వేరే గడి."

గొడుగావిడ విరగబడి నవ్వింది. నాన్న కూడా నవ్వేశాడు. నవ్వి, అట్ట తీసేయమన్నాడు. తీసేశాక దాన్ని చూడటం మొదలుపెట్టాడు.

అది చిన్న సంగతిలా కనబడుతుంది గాని, మా ఇంట్లో అది చిన్నది కాదు. నాన్న ఎప్పుడూ చిన్నదాన్ని కొట్టలేదు, తిట్టలేదు. ఏం కావాలంటే అది తెచ్చేవాడు. కానీ దానితో మాట్లాడేటప్పుడు బ్రష్షులు కడుగుతూనో, పేపరు మడతపెడుతూనో మాట్లాడేవాడు. కన్నెత్తి ముఖంలోకి చూసేవాడు కాదు. అలాంటిది ఇప్పుడు పొద్దుటి నుంచీ ఎండ నడినెత్తికెక్కేదాకా దాన్నే చూస్తున్నాడు. అది మొదట్లో నవ్వు ఆపుకునేది. తర్వాత్తర్వాత ఆ చూపు కోసం త్వరత్వరగా తలంటుకుని, నేను పిలవకముందే వచ్చి నిలబడేది. "నాన్న నా చెవి దగ్గర పుట్టుమచ్చ ఉందని ఇవాళే చూశాడక్కా," అని చెప్పింది నాతో, ఏదో బహుమతి వచ్చినట్టు.

మధ్యమధ్య అలసిపోతే గొడుగావిడ దాన్ని కూర్చోబెట్టి జడ వేసేది. వాళ్ళాయన బతికున్నప్పుడు స్టేషను మాస్టరట. ఆయన కట్టిన ఇల్లు పట్టాల పక్కనే. రైలొస్తే బల్ల మీద గ్లాసులు గలగలమంటాయట, కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారట, ఆవిడకి మాత్రం రైలు రాని రోజు నిద్ర పట్టదట. చిన్నది నోరు తెరుచుకుని వినేది. మా ఊరు దాటి అది చూసింది అత్తయ్య ఇల్లొకటే.

"పెద్దమ్మాయ్, దీన్ని నువ్వే పెంచావటగా," అంది గొడుగావిడ ఓసారి నాతో. "బాగా పెంచావమ్మా."

మంచి మాటే. అయినా ఎవరో తమ గిన్నె తాము తిరిగి తీసుకుంటూ, శుభ్రంగా తోమి ఇచ్చావమ్మా అన్నట్టు వినిపించింది. లేని పిల్ల జాగాలో ఈ పిల్లని రోజూ నిలబెడుతున్నామే, ఆ జాగా దీన్ని ఉంచేసుకుంటుందేమోనని నాకు భయం పట్టుకుంది. పైకి అంటే నవ్వుతారని అనలేదు.

నిజానికి నేను దాన్ని ఎలా పెంచానంటే, దానికి మాటలు వచ్చేటప్పుడు దానితో నేను 'మనం' అనే తప్ప ఇంకో మాట అనలేదు. మనం అన్నం తినేద్దామా, మనం పడుకుందామా, మనకి నిద్రొస్తోంది కదూ. అందుకని అది కూడా ఊళ్ళో అందరితోనూ 'మనం' అనేది. పాలవాడితో, "మనకి జ్వరమొచ్చింది, మనం మందు తాగం," అని చెప్పేది. వాడు తన నుదురు పట్టుకు చూసుకుని, "అయ్యో, నాకూ వచ్చిందా అమ్మా, తెలియనే లేదే," అనేవాడు. వీధంతా నవ్వేది. నేను దిద్దలేదు. పెద్దయ్యాక బయటివాళ్ళ దగ్గర దానంతటది సరిచేసుకుంది. నాతో మాత్రం 'మనం' పూర్తిగా పోలేదు. మనకి చెప్పులు అరిగిపోయాయక్కా అంటే దాని చెప్పులని నాకు తెలుసు.

ఎండలు ముదిరాయి. నాన్న ముఖం పూర్తయ్యేదాకా ఎవరినీ చూడనివ్వలేదు. స్టాండుని గోడవైపు తిప్పి పెట్టుకునేవాడు. అన్నానికి పిలిస్తే పలికేవాడు కాదు. ఓ మధ్యాహ్నం అందరూ అక్కడే ఉండగా, "చూసుకోండమ్మా," అని స్టాండు ఇటు తిప్పి, తను మాత్రం కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

గొడుగావిడ దగ్గరికి వెళ్ళి చూసింది. వెనక్కి వచ్చి చూసింది.

"బాగుంది," అంది మెల్లగా. "చాలా బాగుంది. కానీ ఇది ఈ అమ్మాయి కాదేమోనండీ. ఈవిడెవరో ఇద్దరు పిల్లల తల్లిలా ఉంది."

నేను అప్పటికే గుర్తుపట్టాను. ఆ జుట్టు చిన్నదానిదే. చెవి దగ్గర పుట్టుమచ్చ దానిదే. ముఖం మా అమ్మది. పక్కగదిలో పిల్ల లేచిందేమోనని ఓ చెవి అటు వేసి, మనతో మాట్లాడుతూనే ఉండే ముఖం. పదేళ్ళ వయసులో చూసిన ముఖం ఎంత గుర్తుంటుందని అడుగుతారు. నాకూ గుర్తు లేదనే అనుకునేదాన్ని ఆ రోజుదాకా.

"నేనిలా ఉంటానా అక్కా?" అంది చిన్నది.

"లేదు."

"మరి ఎవరిది?"

నాన్న కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. నేను చెప్పాల్సొచ్చింది. "అమ్మ," అన్నాను.

అది బొమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆ ముఖమూ దాని ముఖమూ ఒకే ఎత్తులో ఉన్నాయి. తాకబోయి, పచ్చి రంగని గుర్తొచ్చి, వేలు వెనక్కి తీసుకుంది. పుట్టిన పందొమ్మిదేళ్ళకి తల్లిని చూడటం అది.

"చెయ్యి అటు పోయింది," అన్నాడు నాన్న, తప్పు చేసిన పిల్లాడిలా.

"పోతే పోనీ లెండి," అంది గొడుగావిడ. "నాకు తొందర లేదు. నాకింకోటి వెయ్యండి. ఇది మీ ఇంట్లో ఉంచుకోండి."

"మీ ఇంటివాళ్ళ మధ్య మా ఆవిడేం చేస్తుందమ్మా," అన్నాడు నాన్న. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. రంగులు కలిపే పలక మీద నుంచి కత్తి తీసుకున్నాడు.

"నాన్నా, ఆ ముక్క వరకూ కోసి నాకివ్వు," అంది చిన్నది.

"ముక్క కోస్తే బొమ్మ ఏముంటుంది."

"పోనీ ఇవాళకి ఉంచు. రేపు చెరిపేద్దువుగాని. ఒక్క రోజు."

"ఇవాళ ఉంచితే రేపు నా వల్ల కాదు," అన్నాడు. "రోజూ చూస్తూ నేను అన్నం తినలేనమ్మా."

ముందు నుదురు గీకాడు. తర్వాత కళ్ళు. కత్తి అంచుకి ముద్దగా వచ్చిన రంగుని నేల మీది పేపరుకి రాసి, మళ్ళీ గీకాడు. గొడుగావిడ ముఖం తిప్పుకుని బయటికి వెళ్ళిపోయింది. నేను తల వంచుకుని ఆ పేపరే చూస్తున్నాను. సిమెంటు ధర పెరిగిందన్న వార్త మీద ఒంటిరంగు మెత్తగా అంటుకుంది. అప్పుడు కూడా నేను అక్షరాలు చదువుతున్నాను, ఏం చేయాలో తెలియక. చిన్నది మాత్రం చివరిదాకా కళ్ళార్పకుండా చూసింది.

"మొత్తం పోతుందా?" అని అడిగింది.

"మొత్తం పోదు. కాస్త గుడ్డ నేతలోకి దిగిపోతుంది. పైన రంగేస్తే కనబడదు."

"అడుగున ఉంటుందన్నమాట."

"ఉంటే ఉంటుంది."

మర్నాడు పొద్దున్నే అది తలంటుకుని, నేను పిలవకముందే వచ్చి దాని చోట నిలబడింది. నాన్న బ్రష్షులు కడుగుతున్నాడు.

"చౌరస్తాలో స్టూడియోకి వెళ్ళి ఓ ఫొటో తీయించుకురా," అన్నాడు, బ్రష్షుల వైపే చూస్తూ.

"నేనిక్కడే ఉన్నాను కదా నాన్నా. ఫొటో ఎందుకు?"

"ఫొటో అయితే కదలదు."

అది చెప్పులేసుకుని వెళ్ళింది. నేనూ తోడు వెళ్తానంటే వద్దంది. ఫొటో వచ్చాక నాన్న దాని మీద గళ్ళు గీశాడు. తలకిందులుగా నిలబెట్టాడు. నల్ల అట్ట పెట్టి, ఓ గడి తర్వాత ఓ గడి, ప్రాణం కుదుటపడ్డ మనిషిలా వేసుకుపోయాడు. చిన్నది ముందుగదిలోకి రావడం మానేసింది. పొద్దున్నే మేడ మీది గదికి వెళ్ళిపోయి, అన్నం వేళకి వచ్చేది. ఎక్కడ ఉన్నావంటే, పిన్నిగారికి తల దువ్వుతున్నానక్కా అనేది.

ఈసారి ముఖం అచ్చం చిన్నదానిదే. రెప్ప కూడా తేడా లేదు. గొడుగావిడ బొమ్మ ముందు కూర్చుని, ఏడుస్తూ, "వచ్చావా తల్లీ," అంది. బొమ్మతో అందో, పక్కన నిలబడ్డ మా చెల్లెలితో అందో ఆవిడకే తెలియాలి. ఆ బొమ్మలో అందరూ మన వైపు చూస్తున్నారు, చిన్నది తప్ప. స్టూడియోలో అది ఎటు చూసిందో గాని, మన భుజం మీదుగా వెనకాల ఉన్న తలుపుని చూస్తున్నట్టుంది. గడి గడిగా వేసే నాన్నకి అది తెలిసి ఉండదు.

ఆకాశం మబ్బు పట్టడం మొదలైంది. గొడుగావిడ నాన్ననడిగింది. "బొమ్మ ఇంకా పూర్తిగా ఆరలేదంటున్నారు. దారిలో దెబ్బ తగలకుండా పట్టుకోవడానికి మనిషి కావాలి. ఆరాక వార్నీషు పూయాలి కూడానాయె. చిన్నమ్మాయిని నాతో పంపించండి, కొన్నాళ్ళుండి వస్తుంది."

"దాన్నే అడగండి," అన్నాడు నాన్న.

వంటగదిలో నేను పప్పు ఏరుతున్నాను. చిన్నది వచ్చి నా ఎదురుగా కూర్చుని, చేటలో చెయ్యి పెట్టి, తనూ రాళ్ళు ఏరింది.

"నువ్వెందుకే వెళ్ళడం," అన్నాను. "వార్నీషు ఎవరైనా పూస్తారు. ఊరికో పెయింటరుంటాడు."

"ఎవరో ఎందుకక్కా, నాకొచ్చుగా."

"సరే, వానలు తగ్గనీ. మనం ఇద్దరం కలిసి వెళ్దాం. నాలుగు రోజులుండి, పూసేసి వచ్చేద్దాం. నేనూ రైలు చూడలేదు."

"వానలు పడకముందే వెళ్ళిపోవాలక్కా మేం," అంది. "తడిస్తే బొమ్మ పాడైపోతుంది."

మేం.

తెలుగులో ఆ రెండు మాటలకీ మధ్య ఓ గుమ్మం ఉంది. మనం అంటే వింటున్నవాళ్ళు కూడా లోపలే ఉన్నట్టు. మేం అంటే వింటున్నవాళ్ళు బయట. ఆ పిల్ల నన్ను ఒక్కసారి కూడా ఆ గుమ్మం అవతల నిలబెట్టలేదు అప్పటిదాకా. కావాలని అనలేదు. అన్నట్టు దానికి తెలియను కూడా తెలియలేదు. తల వంచుకుని రాళ్ళు ఏరుతూనే ఉంది.

"బొమ్మని ఆవిడే తీసుకెళ్తుంది కదే. నువ్వు లేకపోతే నాకెలా ఉంటుందో ఆలోచించావా," అన్నాను.

"అమ్మ వెళ్ళిపోతోంది కదక్కా," అంది.

ఏ అమ్మ గురించి అందో నేను అడగలేదు. గుడ్డ నేతలోకి దిగిపోయిన ఆవిడ గురించా, గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డావిడ గురించా. ఇన్నేళ్ళుగా ఒకసారి ఒకటనుకుంటాను, ఒకసారి ఇంకొకటి. రెండిట్లోనూ నేను లేను.

వెళ్ళేరోజు బొమ్మని పాత దుప్పట్లో చుట్టాం. రంగుకి తగలకుండా నాలుగు మూలలా చెక్కముక్కలు కట్టాం. తెచ్చిన ఫొటోలు బొమ్మతోపాటే తిరిగిచ్చెయ్యడం నాన్న పద్ధతి. గొడుగావిడ పాత ఫొటోతోపాటు, గళ్ళు గీసిన చిన్నదాని ఫొటో కూడా అదే కవరులో పెట్టి ఇచ్చేశాడు. అది మాదని నాకు అప్పుడు తోచలేదు. బస్సు మీదికి ఎక్కిస్తే నలిగిపోతుందని, వెనకసీట్లో నిలువుగా పెట్టించుకుని, ఓ పక్క గొడుగావిడ, ఓ పక్క చిన్నది పట్టుకుని కూర్చున్నారు.

"చెయ్యి బయట పెట్టకు," అన్నాను కిందనుంచి.

"రెండు చేతులూ బొమ్మకే సరిపోయాయక్కా," అంది నవ్వుతూ. "ఏం పెట్టను."

బస్సు కదిలింది. ఇంటికొచ్చేసరికి నాన్న ఎవరిదో ఫొటో తలకిందులుగా పెట్టి గళ్ళు గీస్తున్నాడు. ఎక్కారా అన్నాడు. ఎక్కారన్నాను.

మొదట వానలని కబురు పెట్టింది. వార్నీషు ఆరడం లేదట. తర్వాత పిన్నిగారికి మోకాళ్ళ నొప్పులంది. ఆ తర్వాత అక్కడి బడిలో చిన్నపిల్లలకి బొమ్మలు నేర్పే పని దొరికిందంది. ప్రతిసారీ కారణం సబబుగానే ఉండేది, అదే నాకు భయం. నాన్న మాత్రం బయట ఏ బస్సు ఆగిన చప్పుడైనా బ్రష్షు ఆపి, మళ్ళీ వేసుకునేవాడు.

నాన్నకి ఒంట్లో బాగాలేనప్పుడు నేనే వెళ్ళాను దాన్ని తీసుకురావడానికి. ఇల్లు అది చెప్పినట్టే పట్టాల పక్కనే ఉంది. రైలొచ్చినప్పుడు గ్లాసులు గలగలమన్నాయి, నేను ఉలిక్కిపడ్డాను, వాళ్ళిద్దరూ మాత్రం తల తిప్పలేదు. బొమ్మ ముందుగదిలో ఉంది. దాని ఎదురుగా చిన్నదాని మంచం. నాకు పీట వేసింది, కొత్త కంచంలో అన్నం పెట్టింది. వంట బాగా చేయడం నేర్చుకుంది. నేను పెట్టినదంతా తినలేకపోతుంటే, "మొహమాటపడకక్కా," అంది. "నీ ఇల్లే అనుకో."

నాన్న నిన్ను చూడాలంటున్నాడే అన్నాను.

"వస్తానక్కా. పిన్నిని వదిలి ఇప్పుడెలా కదలను, ఆవిడ కాస్త లేచి తిరగనీ," అంది. అబద్ధం చెప్తున్న ముఖం కాదది. వస్తాననే అనుకుని ఉంటుంది. స్టేషనుదాకా వచ్చి, నా పక్కన కూర్చున్నావిడతో మా అక్కకి ప్రయాణాలంటే భయం, కాస్త చూసుకోండి అని చెప్పి, రైలు కదిలేదాకా చెయ్యి ఊపింది.

నాన్న ఆ చలికాలంలో పోయాడు. కబురు పంపాను. అది చేరి చిన్నది వచ్చేదాకా రెండు రోజులు శవాన్ని ఉంచలేమన్నారు వీధిలోవాళ్ళు. ఉంచలేదు.

మా చెల్లెలు ఆ వేసవి చివర, తొలివాన పడకముందు, ఓ బుధవారం పొద్దున బయల్దేరి వెళ్ళింది. తర్వాత ఎన్నడూ తిరిగి రాలేదు.